పైపొర లేజర్ చికిత్సలు: యంత్రం పేరు కన్నా గాయం మానే రోజులు ముఖ్యం

సంపాదకులకు,

అయ్యా,

కళ్ళద్దాల అవసరం తప్పించే లేజర్ చికిత్సల గురించి మీ పత్రిక ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. లాసిక్, స్మైల్ పద్ధతులను అందులో చక్కగా వివరించారు గాని, కంటి ముందరి పారదర్శక భాగమైన కార్నియా పైపొరను తొలగించి చేసే పి.ఆర్.కె. తరహా చికిత్సలను పాతవనీ, నొప్పి ఎక్కువనీ ఒక్క వాక్యంలో దాటవేశారు. హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనబడడం) ఉన్న యువతీ యువకులలో కొందరికి ఆ పాత పద్ధతే క్షేమమైనది. అందులో మళ్ళీ నాలుగు రకాలున్నాయి. ఆ రకాల మధ్య తేడా ఎంతవరకు నిజమో, ఎంతవరకు ప్రచారమో తెలియక మా సరిహద్దు జిల్లాల కుటుంబాలు అవస్థ పడుతున్నాయి కనుక ఈ లేఖ వ్రాస్తున్నాను.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో చాలా కాలంగా కంటి పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చే వృత్తిలో ఉన్నాను. శస్త్రచికిత్సలు చేసే వైద్యుణ్ణి కాను. అయితే గుణుపురం, కాశీనగరం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు పిల్లలు విశాఖపట్నానికో భువనేశ్వరానికో వెళ్ళి లేజర్ చేయించుకుని ఇంటికి వచ్చిన తరువాత, చూపు మసకబారినా, కన్ను ఎర్రబడినా, చుక్కల మందు సీసాలలో ఏది ఎప్పుడు వేయాలో తెలియకపోయినా మొదట వచ్చేది మావంటి వారి దగ్గరికే. చికిత్స జరిగే చోటు ఒకటి, గాయం మానే చోటు మరొకటి కావడమే మా సమస్యకు మూలం.

ముందుగా విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే కార్నియా మధ్యలో సుమారు 540 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే అర మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. దాని మీద ఉండే ఎపితీలియం అనే పైపొర మందం సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది. ఈ పైపొర చర్మంలా మళ్ళీ పెరుగుతుంది, దాని కింద ఉండే స్ట్రోమా అనే దళసరి భాగం మాత్రం ఒకసారి పోతే తిరిగి రాదు. మైనస్ పవర్ తగ్గించాలంటే ఆ స్ట్రోమా వంపును లేజర్‌తో కొంత చదును చేయాలి. 6 మిల్లీమీటర్ల వ్యాసం గల భాగానికి చికిత్స చేసినప్పుడు అద్దాల పవర్ కొలత అయిన ఒక్కొక్క డయాప్టరుకు సుమారు 12 మైక్రాన్ల స్ట్రోమా ఖర్చవుతుందని స్థూలంగా లెక్క. మైనస్ 5 ఉన్నవారికి 60 మైక్రాన్లు పోతాయన్నమాట.

ఈ పని చేసే ఎక్సైమర్ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. పక్కనున్న కణజాలాన్ని కాల్చకుండా, తగిలిన చోటనే అణుబంధాలను తెంచి పలుచని పొరలుగా ఎగరగొట్టడం దాని ప్రత్యేకత. జీవకణజాలం మీద ఆ గుణాన్ని 1981లో అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనశాలలో కనుగొన్న ముగ్గురిలో మదరాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. ఆయన, కంటి వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ కలిసి 1983లో కార్నియా మీద దాని ప్రయోగాన్ని ప్రచురించారు. మన దక్షిణాది వాడు పునాది వేసిన విద్య ఇది అని మా పిల్లలకు చెప్పేటప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది. 1988లో అమెరికన్ వైద్యురాలు మార్గరెట్ మెక్‌డొనాల్డ్ హ్రస్వదృష్టి ఉన్న కంటికి పి.ఆర్.కె. చేశారు, 1995లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతినిచ్చింది. లాసిక్ ఆ తరువాత ప్రాచుర్యంలోకి వచ్చింది. అందులో కార్నియాలో 100 నుండి 120 మైక్రాన్ల మందం గల మూతలాంటి పొరను, అంటే ఫ్లాప్‌ను, కోసి, దాన్ని పక్కకు మడిచి, కింద లేజర్ చేసి, తిరిగి కప్పేస్తారు. మర్నాటికే చూపు తేటపడుతుంది, నొప్పి తక్కువ. జనాదరణ దానికి ఎందుకు దక్కిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

పైపొర చికిత్సలో ఫ్లాప్ ఉండదు. ఎపితీలియాన్ని తీసి, ఆ కిందనే లేజర్ చేసి, పైన పవర్ లేని మెత్తని కాంటాక్ట్ లెన్స్‌ను కట్టులా ఉంచుతారు. ఎపితీలియాన్ని ఎలా తీస్తారన్న దానిలోనే నాలుగు రకాల తేడా అంతా ఉంది. పి.ఆర్.కె.లో దాన్ని మొండి పరికరంతోనో, చిన్న తిరిగే కుంచెతోనో, పలుచని ఆల్కహాలుతో వదులు చేసో గీకి తీసివేస్తారు. లాసెక్‌లో 20 శాతం ఆల్కహాలును సుమారు అర నిమిషం ఉంచి, పొరను చిరగకుండా ఒక పక్కకు చుట్టి, లేజర్ అయిన తరువాత తిరిగి పరుస్తారు. ఎపి-లాసిక్‌లో ఆల్కహాలు లేకుండా ఒక మొండి అంచు గల యంత్రంతో ఆ పొరను విడదీస్తారు. గ్రీసు దేశపు క్రీట్ ద్వీపానికి చెందిన ఇయోనిస్ పల్లికారిస్ ఈ పద్ధతికి ఆద్యుడు. నాలుగవది ట్రాన్స్ పి.ఆర్.కె. ఇందులో పరికరమేదీ కంటిని తాకదు, ఎపితీలియాన్ని కూడా లేజరే తీసి, అదే ఊపులో స్ట్రోమాను మలుస్తుంది.

లాసెక్ పుట్టినప్పుడు వైద్యలోకం దాని మీద చాలా ఆశ పెట్టుకుంది. రోగి సొంత పొరనే తిరిగి కప్పితే నొప్పి తగ్గుతుందనీ, మచ్చ పడదనీ అనుకున్నారు. ఆచరణలో తిరిగి పరచిన ఆ పొరలోని కణాలు చాలావరకు చనిపోతాయి, కొత్త కణాలు వాటి కింద నుండి పాకి రావలసి వస్తుంది, కొన్ని కళ్ళలో అందువల్లనే మానడం ఆలస్యమవుతుంది. పి.ఆర్.కె., లాసెక్‌లను పోల్చి చూసిన పరిశోధనలలో ఆరు నెలలకో ఏడాదికో చూపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, నొప్పి విషయంలో ఫలితాలు ఒక తీరుగా రాలేదు. అందుకే లాసెక్ మొదలుపెట్టి, పొరను తిరిగి కప్పకుండా తీసిపారేసే సర్జన్లు కూడా ఉన్నారు. అప్పుడది ఆల్కహాలుతో చేసిన పి.ఆర్.కె.యే. ఎపి-లాసిక్‌లో విడదీసే అంచు అరుదుగా స్ట్రోమాలోకి దిగే ప్రమాదం ఉంది, దాని వాడకం కూడా తగ్గిపోయింది.

ట్రాన్స్ పి.ఆర్.కె.కు మాత్రం కొంత నిజమైన సౌలభ్యం ఉంది. కంటిపై ఆల్కహాలు, గీకుడు ఉండవు. లేజర్‌కు ఎంత వెడల్పు అవసరమో అంతే మేర పొర పోతుంది కనుక గాయం చిన్నది, సాధారణంగా ఒకింత త్వరగా మూసుకుంటుంది. కానీ దీనికీ ఒక షరతు ఉంది. బాగా వాడుకలో ఉన్న ఒక యంత్రం ఎపితీలియం మధ్యలో 55 మైక్రాన్లు, అంచు వైపు 65 మైక్రాన్లు ఉంటుందని ముందుగా ఊహించుకుని పనిచేస్తుంది. ఎవరి కంటిలోనైనా ఆ మందం బాగా భిన్నంగా ఉంటే పవర్ కొంచెం ఎక్కువగానో తక్కువగానో తగ్గే అవకాశం ఉంది. ఎపితీలియం మందాన్ని స్కాన్‌తో కొలవగల ఆసుపత్రిలో చేయించుకునే వారికి ఈ సందేహం తక్కువ. "టచ్ చేయని లేజర్" అని ప్రకటనలో చూసి, తాకలేదు గనుక గాయమే లేదని అనుకుంటున్న తల్లిదండ్రులను నేను చూస్తున్నాను. గాయం ఉంటుంది. అది మానడానికి మూడు నుండి ఐదు రోజులు, ఒక్కొక్కరికి వారం పడుతుంది.

అందువల్ల నా అభిప్రాయం ఇది: అనుభవం గల సర్జన్ చేతిలో ఈ నాలుగింటి అంతిమ ఫలితం దాదాపు ఒక్కటే. ఎక్కువ డబ్బు తీసుకుని వాటిలో ఒకదాన్ని మరొక దాని కన్నా ఎంతో గొప్పదిగా చూపడం సరికాదు. మనిషికి మనిషికి ఫలితం మారేది ముందు చేసే పరీక్షల వల్ల, తరువాత తీసుకునే జాగ్రత్త వల్ల.

పైపొర చికిత్స ఎవరికి నప్పుతుంది? కార్నియా పలుచగా ఉన్నవారికి ముఖ్యంగా నప్పుతుంది. 480 మైక్రాన్ల కార్నియా, మైనస్ 5 పవర్ ఉన్న ఒక కంటిని తీసుకుందాం. లాసిక్ చేస్తే ఫ్లాప్‌కు 110, లేజర్‌కు 60 పోగా కంటి బలానికి ఆధారమైన స్ట్రోమా 310 మైక్రాన్లే మిగులుతుంది. పైపొర పద్ధతిలో మళ్ళీ పెరిగే 50ని, లేజర్ తీసే 60ని వదిలేసినా 370 మిగులుతుంది. మిగిలే భాగం 250 కన్నా తగ్గకూడదని పాత నియమం, ఇప్పుడు చాలామంది వైద్యులు 300కు తగ్గనివ్వరు. స్ట్రోమా మరీ బలహీనపడితే కార్నియా ముందుకు పొడుచుకువచ్చే ఎక్టేసియా అనే జబ్బు రావచ్చు. పైపొర చికిత్సలో ఆ ముప్పు తక్కువ, అయినా సున్నా కాదు. కుస్తీ, కబడ్డీ, బాక్సింగ్ ఆడేవారికి, సైనిక, పోలీసు ఉద్యోగాలు కోరేవారికి కూడా ఇది మంచిది, ఎందుకంటే దెబ్బ తగిలినప్పుడు జారిపోవడానికి ఫ్లాప్ లేదు. అయితే ఒక్కొక్క కొలువుకు నియమం ఒక్కొక్క విధంగా ఉంటుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లేజర్ చేయించుకున్న వారిని తీసుకోరు. మా ప్రాంతంలో ఆ పరీక్షకు చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. అద్దాలు తీయించుకుంటే ఉద్యోగం వస్తుందనుకుని ఉన్న అవకాశం పోగొట్టుకోకుండా, నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాలను చదివిన తరువాతే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక గాయం మానే రోజుల సంగతి. మొదటి రెండు మూడు రోజులు నొప్పి, మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మామూలే. నాలుగో రోజు ప్రాంతంలో అంచుల నుండి పెరిగిన కొత్త పొర మధ్యలో కలుసుకుంటుంది కనుక చూపు అంతకు ముందుకన్నా మసకగా అనిపించవచ్చు. చికిత్స విఫలమైందని కుటుంబాలు హడలిపోయేది సరిగ్గా అప్పుడే. పని చేసుకునేంత చూపు ఒకటి రెండు వారాల్లో వస్తుంది, స్థిరపడడానికి ఒకటి నుండి మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఈ మాట చికిత్సకు ముందే చెబితే సగం భయం తగ్గుతుంది.

నన్ను ఎక్కువగా బాధించిన సంఘటన ఒకటి చెప్పాలి. వంశధార ఒడ్డున ఉన్న ఒక ఊరి యువకుడు ఒక నగరంలోని ఆసుపత్రిలో పైపొర చికిత్స చేయించుకుని, మర్నాడే బస్సులో ఇంటికి బయలుదేరాడు. దారిలో దుమ్ముకు కన్ను నలుపుకోగా కట్టుగా వేసిన లెన్స్ ఊడిపోయింది. ఆసుపత్రికి ఫోను చేస్తే వెంటనే రమ్మన్నారు, రాత్రి వేళ అంత దూరం పోవడానికి వాహనం లేదు. నొప్పికి తాళలేక మందుల దుకాణంలో అడిగితే, కన్ను మొద్దుబారే మత్తు చుక్కలు ఇచ్చారు. అతడు వాటిని గంట గంటకూ వేసుకున్నాడు. నా దగ్గరకు వచ్చేసరికి గాయం మూసుకోవడం ఆగిపోయింది. వెంటనే కంటి వైద్యుని వద్దకు పంపాను, కొంత ఆలస్యంగానైనా కన్ను దక్కింది. ప్రొపారకైన్ వంటి ఆ మత్తు చుక్కలు వైద్యుడు పరీక్ష చేసేటప్పుడు ఒకటి రెండు చుక్కలు వేయడానికే గాని ఇంటికి ఇవ్వదగినవి కావు. వాటిని పదే పదే వాడితే పైపొర పెరగదు, కార్నియా కరిగి చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. ఆ యువకుని చేతిలోని కాగితంలో ఈ హెచ్చరిక లేదు. ఉన్నదంతా ఇంగ్లీషులో, సంక్షిప్తాక్షరాలలో ఉంది.

పైపొర చికిత్సకే ప్రత్యేకమైన మరొక ఇబ్బంది హేజ్, అంటే గాయం మానే క్రమంలో స్ట్రోమాలో ఏర్పడే మసక మచ్చ. పవర్ మైనస్ 6 దాటిన వారిలో దీని అవకాశం ఎక్కువ. అందుకే లోతుగా లేజర్ చేసిన కళ్ళకు బల్ల మీదనే 0.02 శాతం మైటోమైసిన్ సి మందును కొన్ని సెకన్ల పాటు అద్ది కడిగేస్తారు. మొదట కేన్సర్‌కు వాడిన ఈ మందు మచ్చ కట్టే కణాలు పెరగకుండా ఆపుతుంది. వచ్చిన తేలికపాటి హేజ్ చాలావరకు ఆరు నెలల నుండి ఏడాదిలో తగ్గిపోతుంది. దాన్ని పెంచేది ఎండలోని అతినీలలోహిత కాంతి. కోస్తా గంజాం ఎండల్లో, గోపాలపురం తీరంలో, పొలాల్లో, కొండ దారుల్లో తిరిగేవారు కొన్ని నెలల పాటు ఆ కాంతిని అడ్డుకునే నల్లద్దాలు, టోపీ తప్పక వాడాలి. ఏప్రిల్, మే నెలల్లో కాకుండా వానలు తగ్గి ఎండ మెత్తబడిన కాలంలో చికిత్స పెట్టుకోవడం మేలని నేను అడిగినవారికి చెబుతుంటాను. పంట నూర్పుల దుమ్ము వేళ కూడా మానుకుంటే మంచిది.

హేజ్ రాకుండా ఇచ్చే స్టిరాయిడ్ చుక్కలను నెల నుండి మూడు నెలల వరకు క్రమంగా తగ్గిస్తూ వేయాలి. కన్ను బాగుందని మధ్యలో మానేయకూడదు, మసకగా ఉందని సొంతంగా పెంచుకోకూడదు. కొందరిలో ఈ చుక్కల వల్ల కంటి ఒత్తిడి పెరుగుతుంది, నొప్పి ఉండదు కనుక రోగికి తెలియదు. పైగా లేజర్ వల్ల పలుచబడిన కార్నియా మీద ఒత్తిడి కొలిస్తే అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. ఇది తెలిసిన వైద్యుడు చికిత్సకు ముందరి కొలతలు చూసి గాని నిర్ణయానికి రాడు. అందువల్ల చికిత్సకు ముందరి పవర్, కార్నియా మందం, ఒత్తిడి వ్రాసిన కాగితాలను ఇంటి పట్టాల్లా భద్రపరచాలి. ముసలితనంలో శుక్లాల ఆపరేషన్‌కు కంటిలో పెట్టే లెన్స్ పవర్ లెక్కగట్టడానికి కూడా అవి ఉపయోగపడతాయి.

పరీక్షల గురించి క్లుప్తంగా చెబుతాను. వయసు 18 దాటి, ఏడాది కాలంలో పవర్ అర డయాప్టరు కన్నా ఎక్కువ మారకుండా ఉండాలి. మెత్తని కాంటాక్ట్ లెన్స్ వాడేవారు ఒకటి రెండు వారాలు, గట్టి లెన్స్ వాడేవారు మూడు నాలుగు వారాలు ముందుగా మానేసి కొలతలు ఇవ్వాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. వేసవిలో కళ్ళ దురదతో చిన్నప్పటి నుండి కళ్ళు నలుపుకునే పిల్లలు మా వైపు ఎక్కువ. అటువంటి వారిలో కార్నియా శంకువులా సాగే కెరటోకోనస్ దాగి ఉండవచ్చు కనుక కార్నియా వంపును పటంలా చూపే టోపోగ్రఫీ తీయకుండా ఎవరూ లేజర్‌కు ఒప్పుకోకూడదు. కంటిపాప పెద్దది చేసి రెటీనా కూడా చూడాలి. లేజర్ కార్నియా వంపును మారుస్తుందే గాని పొడవుగా సాగిన కనుగుడ్డును మార్చదు. ఎక్కువ మైనస్ ఉన్నవారికి రెటీనా ఊడే ముప్పు అద్దాలు పోయినా అలాగే ఉంటుంది. నలభై దాటాక చదవడానికి అద్దాలు కావలసి రావడం కూడా మామూలే. ఖర్చు విషయంలో, దృష్టిదోషం 7.5 డయాప్టర్ల కన్నా తక్కువైతే ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా ఈ చికిత్సకు సొమ్ము చెల్లించవు. ఏజెంటు మాట నమ్మకుండా పాలసీలో చూసుకోవాలి.

నా విన్నపాలు రెండు. విశాఖపట్నం, భువనేశ్వరం నుండి మా పట్టణాలకు వచ్చి శిబిరాలు పెట్టి రోగులను తీసుకువెళ్ళే ఆసుపత్రులు, పైపొర చికిత్స చేసిన వారిని లెన్స్ తీసేవరకు నగరంలోనే ఉంచే ఏర్పాటు చేయాలి, లేదా పర్లాకిమిడి, రాయగడ, బరంపురంలలో లెన్స్ తీసి, ఒత్తిడి చూసి, హేజ్ గుర్తించగల కంటి వైద్యునితో ముందే మాట్లాడి ఆయన పేరు, ఫోను నంబరు రోగి చేతికివ్వాలి. చుక్కల పట్టికను, అపాయ సూచనలను ఆ ఇంటివారు చదవగల భాషలో, తెలుగులోనో ఒడియాలోనో, అచ్చువేసి ఇవ్వాలి. నొప్పి తగ్గవలసిన రోజుల్లో పెరగడం, పుసి కారడం, కార్నియా మీద తెల్లమచ్చ కనబడడం, ఉన్నట్టుండి చూపు తగ్గడం జరిగితే అదే రోజు వైద్యుణ్ణి చూడాలన్న మాట ఆ కాగితంలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

మీ పత్రికకు రెండవ విన్నపం. ఒడిశా సరిహద్దు జిల్లాలలో తెలుగు చదివే కుటుంబాలకు వైద్య విషయాలు తమ భాషలో అందేది పత్రికల ద్వారానే. పైపొర చికిత్సల గురించి ఒక కార్నియా నిపుణుని చేత విడిగా ఒక వ్యాసం వ్రాయించి, అందులో మత్తు చుక్కల ప్రమాదాన్ని, స్టిరాయిడ్ చుక్కలు తగ్గించే పద్ధతిని తప్పక ప్రస్తావింపజేయండి. ఎండలు ముదరకముందే అది వస్తే, ఈ వేసవి సెలవుల్లో చికిత్సకు సిద్ధపడుతున్న విద్యార్థులకు ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక కంటి పరీక్షకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా